తోకతో కొలిచిన చెలమ

మీరేం చూశారో ముందు చెప్పండి. పని జరుగుతున్న చోటికి వెళ్ళినప్పుడు మీ కంటికి మొదట ఆనింది ఎవరు? గట్టు మీద నిలబడి చెయ్యి చూపిస్తున్నవాడా, గోతిలో నడుం వంచినవాడా? తల గోక్కోకండి. గట్టు మీదవాణ్ణే చూసి ఉంటారు. పనంతా అతనే చేస్తున్నాడనుకుని ఇంటికి పోయి ఉంటారు. అందుకే ఈ కథ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కడం లేదు. అయినా వినండి.

ఒక అడవిలో ఏరు ఎండిపోయింది. చుక్క నీరు లేదు. తాగాలంటే ఏటి ఇసుకలో గుంట తవ్వి, కింద ఊరే నీటిని పట్టుకోవాలి. దాన్ని చెలమ అంటారు. ఎద్దు, మేక, పంది, గాడిద కలిసి తవ్వడం మొదలుపెట్టాయి. అందరికీ దాహమే. మేకది మాత్రం దాహం ఒక్కటే కాదు. ఈని పది రోజులైంది, ఇద్దరు పిల్లలు. నీళ్ళు లేక పొదుగు ఎండిపోయింది. పిల్లలకి అరిచే ఓపిక కూడా లేకుండా పోయింది.

పులికీ దాహంగానే ఉంది. కానీ పులి ఎక్కడైనా తవ్వుతుందా? నక్కని పిలిచి, "పెత్తనం నీది. ఎంత లోతయిందో రోజూ సాయంత్రం నాకు వచ్చి చెప్పు" అంది.

ఉన్న మాట చెప్పాలి. నక్క రాకముందు పని గందరగోళంగానే ఉండేది. పంది రెండు వంతులు తవ్వి సొమ్మసిల్లేది, గాడిద ఒక వంతు తవ్వి మూడు వంతులు నిద్రపోయేది. నక్క వచ్చాక వంతులు కుదిరాయి. ఎద్దు ఒకటి, పంది రెండు, గాడిద మూడు, మేక నాలుగు. నంబరు పిలిస్తే దిగాలి, మళ్ళీ పిలిస్తే ఎక్కాలి. ఆ మేలు నేను కాదనను.

మొదటి రోజు సాయంత్రం నక్క గుంటలోకి తోక వేలాడేసి చూసింది.

"సగం తోకే! పొద్దుటినుంచీ ఏం చేశారర్రా?"

"పక్కలు తీశామయ్యా" అంది ఎద్దు. "ఇది ఇసుక. జానెడు లోతుకి రెండు జానలు వెడల్పు తియ్యాలి. లేకపోతే మీద పడుతుంది."

"పక్కలు తీస్తే లోతు పెరుగుతుందా?"

"పెరగదు."

"మరి నేను పులిదొరకి ఏం చెప్పను? ఆయన అడిగింది లోతు. వెడల్పు లెక్కలోకి రాదు. రేపట్నుంచి తిన్నగా కిందికే తవ్వండి."

"నువ్వొకసారి దిగి చూస్తే తెలుస్తుంది నక్కయ్యా" అంది గాడిద.

"నేను దిగితే మిమ్మల్ని చూసేదెవరు?"

"మమ్మల్నెవరు చూడమన్నారు? చూడాల్సింది నీళ్ళకోసం కదా!"

పంది కిసుక్కుమంది. నక్కకి ఒళ్ళు మండింది. మర్నాటికి గాడిదకి రెండు వంతులు పడ్డాయి.

ఎద్దు ఇంకేమీ అనలేదు. ఇలాంటి పెత్తందార్లను అది చాలామందిని చూసింది. మూపురం మీద పాత కాడి పుండు ఇంకా మానలేదు. వాదించే ఓపిక లేక తల దించుకుంది. నా దృష్టిలో అదీ తప్పే. తెలిసినవాడు అలిసిపోయి నోరు మూసుకుంటే తెలియనివాడి మాటే చెల్లుతుంది.

రెండో రోజు అంతా కిందికే తవ్వారు. గుంట బావిలా సన్నగా దిగింది. సాయంత్రానికి, నక్క గట్టు మీదనుంచే వేసిన అంచనాకి, మూడు తోకల లోతు. పులి "శభాష్" అంది. నక్క ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం మేక లోపలుంది. తడి ఇసుక తగులుతోందని, ఇంకొంచెం తవ్వితే ఊట పడుతుందని ఆశగా కాళ్ళు ఆడిస్తోంది. ఉన్నట్టుండి ఒక పక్క గోడ జారింది. కేక కూడా పూర్తిగా రాలేదు.

"ఎవరది లోపల?" అంటూ నక్క పరిగెత్తుకొచ్చింది. "ఇప్పుడు నడుస్తున్నది నాలుగో నంబరు కదా, నాలుగంటే ఎవరు?"

జవాబు చెప్పే తీరిక ఎవరికుంది? ఎద్దు అప్పటికే గుంటలోకి దూకింది. ముసలి మోకాళ్ళు ఇసుకలో కూరుకుపోయాయి. జారబోతున్న రెండో గోడకి తన పక్కటెముకలు ఆనించి నిలబడింది.

"పందీ, నా కాళ్ళ సందునుంచి తవ్వు! గాడిదా, పైన అంచు ఇసుక వెనక్కి తన్ను! అమ్మా మేకా, మూతి పైకెత్తి ఉంచు, వచ్చేశాం!"

ఎవరి వంతని ఎవరూ అడగలేదు. మేక తల బయటపడింది, తర్వాత మెడ, తర్వాత ఒళ్ళు. ముందు కాలు ఒకటి మెలిపడింది. కుంటుతూ గట్టెక్కి, "పిల్లలు చూశారా మామా?" అని అడిగింది ఎద్దుని.

"లేదమ్మా. నీడలో పడుకున్నారు."

మేక ఏడ్చింది. ఏడవడానికి కళ్ళలో నీళ్ళు లేవు.

అంత జరిగాక కూడా నక్క ఏమందో తెలుసా? "పొద్దు వాలుతోంది. నిన్నటికంటే లోతు తగ్గితే మాట నాకొస్తుంది. ఒకటో నంబరు, దిగు!"

అప్పుడే గట్టెక్కిన ఎద్దు తోకతో ఈగలు తోలుకుంది. "దిగుతానయ్యా. ముందు ఇప్పుడెంత లోతుందో కొలిచి చూడు. ఎంతనుంచి మొదలుపెట్టామో తెలియకపోతే పులిదొర నిన్నే అడుగుతాడు."

నక్క తోక వేలాడేసింది. అడుగు అందలేదు.

"పైనుంచి అందదయ్యా. అడుగున కాళ్ళు పెట్టి, గోడ పొడుగునా తోక పరిచి కొలవాలి. ఈ పని మాకు చేతకాదు. లెక్క తెలిసినవాడివి నువ్వే."

లెక్క తెలిసినవాడు అనేసరికి నక్క ఉబ్బిపోయింది. జర్రున దిగింది. "ఒకటి... రెండు..." అని గోడకి తోక ఆనించింది. మెడ మీద చల్లగా ఏదో రాలింది. తల ఎత్తి చూసింది. ఆకాశం పళ్ళెమంత కనబడుతోంది. చుట్టూ అన్ని గోడలనుంచీ ఇసుక సన్నగా, చప్పుడు లేకుండా కారుతోంది. ఎక్కబోతే పట్టు దొరకలేదు. కాలు వేసిన చోటల్లా గోడ ఊడొస్తోంది.

"ఒరేయ్! పక్కలు తవ్వండ్రా! వెడల్పు చెయ్యండి! త్వరగా!"

గాడిద అంచునుంచి తొంగి చూసింది. "వెడల్పు లెక్కలోకి రాదన్నారు కదండీ?"

"వస్తుంది! వస్తుంది! నా తండ్రీ, తవ్వండి!"

"ఇక చాలు" అంది ఎద్దు గాడిదతో. "పాఠం బతికున్నవాడికే పనికొస్తుంది." ముందుగా తనే అంచున కాలు పెట్టి ఇసుక వెనక్కి లాగింది. అందరూ పక్కలు తీశారు. నక్క పైకొచ్చాక ఊరికే నిలబడలేకపోయింది. అదీ గోళ్ళతో తవ్వింది. మర్నాడు తెల్లవారేసరికి అడుగున ఊట పడింది. మొదటి బురదనీరు తోడి పారబోశారు. రెండోసారి తేటనీరు. మొదట తాగింది మేక. మధ్యాహ్నానికి పిల్లలు పొదుగు కుమ్మడం మొదలుపెట్టారు.

పులి వచ్చి కడుపునిండా తాగి, "ఎవరు తవ్వించారు?" అంది.

భయం పోగానే నక్కకి పాత నోరు తిరిగొచ్చింది. "నేనే దొరా. నాలుగు తోకల లోతు!"

"బాగుంది. పై వంపులో ఇంకొకటి తవ్వించు" అని పులి వెళ్ళిపోయింది. పులులు ఇంతే. నాకు కోపం కూడా రావడం మానేసింది.

నక్క గొంతు సవరించుకుంది. "ఒకటి! రెండు! మూడు!" ఎవరూ కదల్లేదు. పంది కళ్ళు కూడా తెరవలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. మేక పిల్లలు పాలు తాగుతూనే ఉన్నారు.

చివరికి ఎద్దు తనంతట తనే లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. "ఎండాకాలం ఇంకా చాలా ఉందిరా" అని ఒక్క మాట అని పై వంపు వైపు నడిచింది. పంది లేచింది. గాడిద లేచింది. కుంటికాలితో మేక కూడా లేచింది. నక్క నోరు తెరుచుకుని ఇసుకలో ఒంటరిగా మిగిలిపోయింది.

పనికి వంతులు వేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు కానీ, ముందు తాను దిగినవాడి వెనకే మనసులు నడుస్తాయి.

రేపు పొద్దున మీ చేతిలో పెత్తనం లేకపోతే, మీరు పిలిచినప్పుడు లేచి వచ్చేవాళ్ళు ఎంతమంది?