మడమల పైకి కుట్టిన గౌను

ఒంగోలులో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేది, ఎవరినీ ఏమీ అడక్కుండానే "నాకు తెలుసులే" అనేయడం ఆవిడకున్న పెద్ద జబ్బు. కూర వండేముందు ఉప్పెంత వెయ్యాలో అడగదు, సరే. బజారుకు వెళ్ళేముందు దారి అడగదు, పోనీ. కానీ ఇంకొకరి పెళ్ళిబట్టలు కూడా ఆ మనిషిని అడక్కుండా కొంటే ఏమనాలి?

సువార్తమ్మ మేనల్లుడు ప్రభుకిరణ్. తల్లి చిన్నప్పుడే పోతే ఈ మేనత్తే పెంచింది. అందుకని ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. ప్రభుకిరణ్‌కు హెప్సిబాతో పెళ్ళి కుదిరింది. హెప్సిబా పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు కౌంటర్ దగ్గర కూర్చునేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఆ కాలికి క్యాలిపర్ వేసుకునేది. అంటే మోకాలి దాకా రెండు పక్కలా ఇనపకడ్డీలు, తోలుపట్టీలు, కింద బరువైన నల్లబూటు. దాంతోనే రోజూ బస్సెక్కేది, దిగేది, అందరిలాగే పనిచేసుకునేది.

మా చర్చి వాళ్ళలో పెళ్ళికూతురి తెల్లగౌను మగపెళ్ళివారే కొని ఇవ్వడం ఆనవాయితీ. ఆ సంగతి తెలిసి హెప్సిబా ముందే సువార్తమ్మకు ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, నా గౌను మడమల పైకి ఉండాలండీ. బూటు కనబడినా ఫరవాలేదు. కింద గుడ్డ తగిలితే నేను పడిపోతాను."

"నాకు తెలుసులే అమ్మాయ్" అంది సువార్తమ్మ.

హెప్సిబాకు ఎందుకో నమ్మకం కుదరలేదు. ప్రభుకిరణ్‌కు కూడా చెప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. అతను "అత్త చూసుకుంటుందిలే, నువ్వు కంగారు పడకు" అన్నాడు. మంచివాడే, కానీ అత్త ముందు నోరు పెగలదు. ఇలాంటి మంచితనం ఎవరికి ఉపయోగమో నాకు ఈనాటికీ అర్థం కాదు.

సువార్తమ్మ తన కూతుర్ని వెంటబెట్టుకుని మస్తాన్ మాస్టర్ దుకాణానికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళుగా పెళ్ళిగౌన్లు కుడుతున్నాడు. రకరకాల గౌన్లు తీసి చూపించాడు. నడుము దగ్గర బిగువుగా ఉండి కిందకి కొద్దిగా విచ్చుకునేవి, చేప తోకలా మోకాళ్ళ దగ్గర విప్పారేవి, పొడుగుచేతులకు లేసు పెట్టినవి. సువార్తమ్మ అన్నిటినీ పక్కకు నెట్టింది. లోపల నాలుగు వరసల క్యాన్‌క్యాన్ నెట్టు పెట్టి గొడుగులా ఉబ్బిన గౌను, వెనక మూడు గజాల తోక ఉన్నది చూపించి "ఇదీ! ఇలాంటిది కుట్టు" అంది.

"కుడతానమ్మా. కానీ పెళ్ళికూతురు రావాలి కదా?" అన్నాడు మాస్టర్. "ఆ రోజు వేసుకునే చెప్పులు వేసుకుని నా ముందు నిలబడాలి. నడుము నుంచి నేల దాకా కొలుస్తాను. చెప్పుల ఎత్తు తప్పిందంటే గౌను తప్పినట్టే."

"నాకు తెలుసులేవయ్యా. పై కొలతకి ఆ పిల్ల జాకెట్టు తెచ్చాను. ఎత్తు మా అమ్మాయంతే. మూడంగుళాల మడమ చెప్పులు వేసుకుంటుంది. రాసుకో."

మాస్టర్ మరోసారి అడిగాడు. ఆవిడ మరోసారి గదమాయించింది. పాపం, ఆయన రాసుకున్నాడు.

మూడంగుళాల మడమ చెప్పులట! క్యాలిపర్ వేసుకునే పిల్లకి! ఆవిడకి తెలియక చెప్పిందా అంటే కాదు. అన్నీ తెలిసే చెప్పింది.

పెళ్ళి గురువారం. సోమవారం ఉదయం గౌను వేసి చూడ్డానికి హెప్సిబా తల్లి మరియమ్మతో కలిసి దుకాణానికి వచ్చింది. సువార్తమ్మ అప్పటికే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. బొమ్మకు తొడిగి నిలబెట్టిన గౌను చూడ్డానికి నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. మరియమ్మ కళ్ళు చెమర్చాయి. హెప్సిబా మాత్రం అంచు చూసి ఆగిపోయింది.

"ఇది నేల మీద పాకుతోంది అత్తయ్యగారూ."

"ముందు వేసుకో. అలవాటవుతుంది."

లోపలి గదిలో తల్లి సాయంతో గౌను వేసుకుని హెప్సిబా అద్దం ముందుకు వచ్చింది. సువార్తమ్మ చేతులు జోడించి మురిసిపోయింది.

"చూశారా వదినా! ఇప్పుడు మన పిల్లని చూసి ఎవరైనా అంటారా, కాలు..." అని అక్కడితో ఆపింది.

ఆ ఆగిన మాట హెప్సిబాకు పూర్తిగా వినబడింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగులో లోపలి నెట్టు వెళ్ళి క్యాలిపర్ పట్టీకి చుట్టుకుంది. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ తెల్లగుడ్డంతా వేసుకుని దభీమని నేల మీద పడింది.

మరియమ్మ కేకపెట్టి పరిగెత్తింది. నెట్టు విడదీసి కూతుర్ని లేపింది. కుడి మణికట్టు అప్పటికే వాచింది. మస్తాన్ మాస్టర్ కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, అప్పుడు చూశాడు, అంతదాకా చీర కింద కనబడని ఆ నల్లబూటును.

"ఇదేంటమ్మా! మడమ చెప్పులన్నారే! ఈ బిడ్డ వేసుకునేది ఇదా? నాకెందుకు చెప్పలేదు?" అని సువార్తమ్మ వైపు తిరిగాడు.

ఇప్పుడైనా ఆ మనిషి సిగ్గుపడిందా? ఊహూ.

"కప్పడానికేనయ్యా అంత పొడుగు చెప్పింది! చర్చి నిండా జనం. ఆ ఇనుము అందరికీ కనబడాలా? ఇలాంటి పిల్లను చేసుకున్నాడేంటని మావాడి గురించి అనుకోరా? ఒక్క గంటే కదా. ఇద్దరు చెరో పక్క పట్టుకుని నడిపిస్తారు. అదీ కుదరదంటే చక్రాల కుర్చీ తెప్పిస్తాను. గౌను పరుచుకుని మహారాణిలా కూర్చుంటుంది."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నడిచే పిల్లని కూర్చోబెడుతుందట! ఎందుకూ? నడిస్తే బూటు కనబడుతుందని!

హెప్సిబా వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అంది.

"అత్తయ్యగారూ, నాలుగో ఏట నుంచి నాకు ఈ బూటు ఉంది. దీనితోనే బడికెళ్ళాను. దీనితోనే పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. మీ అబ్బాయి నన్ను చూసిందీ దీనితోనే. చర్చి గుమ్మం నుంచి బలిపీఠం దాకా మా అమ్మ పక్కన నేను నడిచి వెళ్ళాలి. నా పెళ్ళిలో నేను కోరుకున్నది అదొక్కటే. నగలు అడగలేదు, విందు అడగలేదు. మాస్టారూ, గౌను కత్తిరించండి."

"కత్తిరించడమా!" సువార్తమ్మ కుర్చీలోంచి లేచింది. "మేం కొన్న గౌను మేం చెప్పినట్టే ఉంటుంది!"

"అయితే మీ దగ్గరే ఉంచుకోండి. నా దగ్గర తెల్లచీర ఉంది. అది కట్టుకుని నడిచి వస్తాను."

సువార్తమ్మకు భయం పట్టుకుంది. మగపెళ్ళివారు గౌను పెట్టలేదని ఊరంతా చెప్పుకోరూ? వెంటనే మేనల్లుడికి ఫోన్ చేసింది. పావుగంటలో ప్రభుకిరణ్ వచ్చాడు.

"నువ్వు చెప్పరా ఈ పిల్లకి! నీ మాటైనా వింటుందేమో!" అంది.

ప్రభుకిరణ్ హెప్సిబా చేతి వంక చూశాడు. మరియమ్మ తడిగుడ్డ చుడుతోంది.

"నేను మీకు రెండుసార్లు చెప్పాను" అంది హెప్సిబా.

అతని మొహం నల్లబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అత్తకు ఎదురు చెప్పాడు.

"తప్పు నాది. మాస్టారూ, ఆ అమ్మాయి ఎలా చెబితే అలా కుట్టండి. ఎవరి మాటా వినకండి. నా మాట కూడా."

"ఒరేయ్!" అంది సువార్తమ్మ. అతను తల తిప్పలేదు.

మస్తాన్ మాస్టర్ హెప్సిబాను బూటుతోనే నిలబెట్టి, తనే నేల మీద కూర్చుని కొలత తీసుకున్నాడు. తోక తీసేశాడు. క్యాన్‌క్యాన్ పూర్తిగా విప్పేశాడు. అంచును మడమలకు బెత్తెడు పైకి తెచ్చి, పట్టీలకు ఏదీ చిక్కుకోకుండా లోపల నున్నటి శాటిన్ గుడ్డ వేసి కుట్టాడు. బుధవారం హెప్సిబా వచ్చి వేసుకుని దుకాణం ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచింది. ఎక్కడా తగల్లేదు.

గురువారం ఉదయం పెళ్ళికూతురికి ముసుగు పెట్టే గౌరవం మగపెళ్ళివారి పెద్దావిడది. సువార్తమ్మ పట్టుచీర కట్టుకుని ముసుగు పట్టుకుని గదిలోకి వచ్చింది. హెప్సిబా మర్యాదగానే చెప్పింది.

"అమ్మ పెడుతుందండీ."

అంతే. సువార్తమ్మ ముసుగును మరియమ్మ చేతికిచ్చి బయటకు వచ్చేసింది. ఆ గౌరవం కోసం ఆవిడ ఎన్ని నెలలుగా ఎదురు చూసిందో ఆవిడకే తెలుసు. నాకు జాలి వెయ్యలేదు.

పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. హెప్సిబా తల్లి పక్కన గుమ్మం దాటింది. ఎవరూ పట్టుకోలేదు. పాట మధ్యలో క్యాలిపర్ చప్పుడు అందరికీ వినబడింది, నల్లబూటు అందరికీ కనబడింది. కొంపలేమీ మునగలేదు! హెప్సిబా తొందరపడకుండా, తల ఎత్తుకుని, నవ్వుతూ బలిపీఠం దాకా నడిచి ప్రభుకిరణ్ పక్కన నిలబడింది. మా వరసలో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

భోజనాల దగ్గర ఆడవాళ్ళంతా గౌను గురించే మాట్లాడుకున్నారు. "ఎంత పొందిగ్గా ఉంది! ఈ రకం మేమెక్కడా చూడలేదు. ఎవరు ఎంచారమ్మా?" అని అడిగారు.

సువార్తమ్మ వెంటనే అందుకుంది. "ఇంకెవరు, నేనే! మా కోడలికి ఏది నప్పుతుందో నాకు తెలుసు కదా!"

చూశారా మనిషిని! కాస్తయినా జంకూ గొంకూ ఉందా?

వడ్డన చూసుకుంటున్న ప్రభుకిరణ్ అక్కడే ఆగాడు. అందరూ వినేలా అన్నాడు.

"కాదత్తా. హెప్సిబా మనల్ని నోరు తెరిచి అడిగింది. మనం వినలేదు. వినకపోబట్టే తను కిందపడి చెయ్యి వాచింది. ఈ గౌను తను పోట్లాడి తెచ్చుకుంది."

సువార్తమ్మ తల వంచుకుని విస్తట్లో అన్నం కెలికింది. ఆ తర్వాత ఆ కుటుంబంలో మూడు పెళ్ళిళ్ళు జరిగాయి. గౌను కొనడానికి ఆవిడని ఎవరూ పిలవలేదు. పెళ్ళికూతుళ్ళనే తీసుకెళ్ళారు.

కాబట్టి పిల్లలూ, గట్టిగా గుర్తుపెట్టుకోండి: తొడుక్కునే మనిషిని అడక్కుండా బట్టలు ఎంచకూడదు; నలుగురూ ఏమనుకుంటారోనని సాటిమనిషిని దాచిపెట్టాలని చూడటం ప్రేమ కాదు, ఆ మనిషికి చేసే అవమానం.