రెండు కొత్త టైర్లు

ఆ గురువారం లింగమూర్తి గురువుగారి దగ్గరికి వచ్చింది తత్వాలు పాడటానికి కాదు, భార్య మీద ఫిర్యాదు చేయడానికి. అతను చెప్పులు విడిచిన తీరులోనే మాకందరికీ ఆ సంగతి తెలిసిపోయింది.

మా గురువు కాశీమయ్య దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. పాతికేళ్లు ఆదోని నుంచి గుంటూరుకు పత్తి బేళ్ల లారీ నడిపాడు. ఒకనాడు లారీ దిగి తన గురువు పాదాల దగ్గర కూర్చున్నవాడు మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడు నంద్యాల దగ్గర, నల్లమల కొండలు కనిపించే ఒక పల్లెలో ఉంటాడు. ప్రతి గురువారం సాయంత్రం ఆయన వసారాలో పదిమందిమి చేరతాం. నాలుగు తత్వాలు పాడుకుంటాం, కాసేపు ఊరికే కూర్చుంటాం, టీ తాగి ఇళ్లకు పోతాం. ఆయన మాట్లాడేది తక్కువ. ఆ లోటు మేము తీరుస్తుంటాం.

మాలో అందరికంటే బాగా తీర్చేది లింగమూర్తే. హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మనిషి మంచివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడు. కానీ దేన్నయినా నిరూపించేస్తే ఇక అవతలివాళ్లు ఒప్పుకుని తీరాలని అతని నమ్మకం. బడిలో అది చెల్లింది, ఇంట్లో చెల్లలేదు. అదీ ఆ రోజు గొడవ.

అతని కూతురు గిరిజను గిద్దలూరులో ఇచ్చారు. ఇప్పుడామెకు ఎనిమిది నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి గదా, తొమ్మిదో నెలలో తీసుకురావాలని అనుకున్నారు. తల్లి నాగరత్న రెండు నెలల నుంచీ పాత నూలు చీరలు ఉతికి ఉతికి మెత్తగా చేసి, పసిబిడ్డకు గుడ్డలు కత్తిరించి మడతలు పెడుతూ వచ్చింది. నేను బట్టలు కుట్టేవాణ్ణి. ఆ గుడ్డల అంచులు కుట్టింది నేనే కనుక ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు.

అయితే వానలు మొదలయ్యాక ఒకసారి మొగుడూ పెళ్లాలిద్దరూ కూతుర్ని చూసి తిరిగి వస్తుంటే, ఘాటు రోడ్డు మీద ఒక మలుపులో కారు జారింది. వెనక భాగం పక్కకు తిరిగి, పిట్టగోడకు బెత్తెడు దూరంలో ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. నాగరత్న ఇంటికి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, గిరిజను ఈ కారులో మాత్రం తీసుకురాను అన్నది. బస్సులో తెద్దామంటే నిండు నెలల పిల్ల ఆ మలుపుల్లో కుదుపులకు తట్టుకోలేదు. ఈ సంగతి తెలిసి వియ్యపురాలు కబురు పెట్టింది: అంత ఇబ్బంది పడటమెందుకు, కాన్పు మా ఇంట్లోనే కానివ్వండి అని. ఆ కబురు విన్న రోజు నాగరత్న గుడ్డలన్నీ తీసి ట్రంకు పెట్టెలో పెట్టేసింది.

లింగమూర్తి తప్పంతా టైర్లదేనని తేల్చాడు. అందులో కొంత నిజం లేకపోలేదు, ముందర రెండూ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఇక మూడు వారాలు మనిషి మనిషిలా లేడు. ఏది వాననీళ్లలో పట్టు ఇస్తుంది, దేని గాట్లు ఎంత లోతు, ఏది ఎన్నేళ్లు వస్తుంది అని ఫోనులో చూడటం, నోటుబుక్కులో గీతలు కొట్టి రాసుకోవడం. లారీ డ్రైవర్లను అడిగాడు, బస్సు డ్రైవర్లను అడిగాడు. రోడ్డు పక్కన ఆగిన ప్రతి కారు దగ్గరా వంగి టైరు మీద చెయ్యి వేసి చూసేవాడు. గాలి తీస్తున్నాడనుకుని ఒకాయన వెంటపడ్డాడు కూడా.

చివరికి ఎంచిన టైర్లు మంచివే. దుకాణం అతను, వెనకవి ఇంకా సగం పైనే ఉన్నాయి కదా సార్, వాటిని ముందుకు తెచ్చి కొత్తవి వెనక వేద్దామన్నాడట. లింగమూర్తి ఒప్పుకోలేదు. ఇంజను ముందుంది, స్టీరింగు తిప్పేది ముందు చక్రాలను, బ్రేకు వేస్తే బరువు పడేదీ వాటి మీదే, అటువంటప్పుడు కొత్తవి వెనక ఎట్లా వేస్తావని అక్కడే పాఠం చెప్పాడు. దుకాణం అతను మీ ఇష్టం సార్ అని ముందు చక్రాలకే బిగించాడు.

ఇంత చేసి ఇంటికి పోతే నాగరత్న కనీసం టైర్ల వంక చూడలేదు. అందుకే ఈ రాక.

"మీరొక మాట చెప్పండి సామీ. మీరు చెప్తే వింటాది," అన్నాడు లింగమూర్తి. కొత్త టైర్ల గురించి మొత్తం చెప్పాడు. గాట్ల లోతు కూడా చెప్పాడు.

కాశీమయ్య టీ తాగుతూ అంతా విన్నాడు. ఆఖరున, నాగరత్నమ్మ కారులో యాడ కూచుంటాదని అడిగాడు.

వెనక అన్నాడు లింగమూర్తి. గిరిజ బడికి పోయే రోజుల్లో కూతురి పక్కన కూర్చోవడం అలవాటై, పిల్ల పెళ్లయి పోయినా ఆమె వెనకే కూర్చుంటుందట. ముందు సీట్లో తన జవాబు పత్రాల సంచీ ఉంటుందట.

గురువుగారు గ్లాసు కింద పెట్టి కారు తాళం అడిగాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఆయన బండి నడపగా మాలో ఎవరమూ చూడలేదు. లింగమూర్తి తాళం ఇచ్చి, అలవాటు కొద్దీ ముందు తలుపు దగ్గరికి పోయాడు. ఆయన వెనక తలుపు చూపించాడు. నన్ను ముందు ఎక్కమన్నాడు. నేను జవాబు పత్రాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరి చివర మూతపడ్డ పత్తి మిల్లు ఉంది. దాని ముందు లారీలు తిరగడానికి పరిచిన సిమెంటు నేల, ఎకరం పైనే ఉంటుంది. మధ్యాహ్నం కురిసిన వాన అక్కడక్కడ నిలిచి, మిగతా అంతా సన్నటి పాకుడు. కాశీమయ్య కారును అక్కడికి తెచ్చి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి చుట్టు మెల్లగా, రెండోది కొంచెం జోరుగా. ఆ చేతుల కింద స్టీరింగు ఎంత బుద్ధిగా తిరిగిందో చూసి నాకు లోపల గర్వమేసింది.

మూడో చుట్టులో, మలుపు మధ్యలో ఉండగా, ఆయన యాక్సిలేటరు పెడలు మీంచి కాలు తీసేశాడు. ముందు చక్రాలు చెప్పినట్టే పోయాయి. కారు వెనక భాగం వాటిని వదిలేసి పక్కకు జారింది. ముందు కూర్చున్న నాకు చిన్నగా ఊగినట్టే అనిపించింది. వెనక నుంచి మాత్రం లింగమూర్తి రెండు చేతులూ వచ్చి నా సీటును వాటేసుకున్నాయి.

ఆయన మెల్లగా స్టీరింగు సర్ది, బండి ఆపాడు. తల తిప్పలేదు.

"ఏం కనపడింది?"

"వెనక జారింది సామీ."

"జారింది సరే. నీకు కనపడింది ఏంది?"

లింగమూర్తి చాలాసేపు ఆలోచించాడు. లెక్కకు ఇంత సమయం తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ తలగుడ్డ," అన్నాడు చివరికి.

"దోవ?"

"కనపడలేదు సామీ."

"మరి దేన్ని నమ్ముకోని కూచున్నావు నాయనా?"

కాశీమయ్య జవాబు కోసం ఆగలేదు. తలుపు తీసుకుని దిగి, తాళం నా చేతిలో పెట్టి, ఇంటి వైపు నడిచాడు. ఆయాసం వస్తున్నట్టుంది, రెండుసార్లు ఆగి మళ్లీ నడిచాడు. పదిహేనేళ్లుగా ఎదురుగా కూర్చుని చూస్తున్న మనిషిని అట్లా వెనక నుంచి చూస్తే ఎంత ముసలివాడయ్యాడో తెలిసింది. మెడ సన్నబడి ఇంతే ఉంది. లింగమూర్తి కూడా అటే చూస్తున్నాడు. ఇద్దరికీ కళ్లు తడయ్యాయి, ఎవరమూ తుడుచుకోలేదు.

తర్వాత జరిగింది లింగమూర్తి నా దుకాణానికి వచ్చి చెప్పాడు. కుట్టు మిషను ఆపమని మరీ చెప్పాడు.

మరునాడు పొద్దున్నే టైర్ల దుకాణానికి పోయి, కొత్తవి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించాడు. ఆ దుకాణం అతను ఒక్క మాట ఎత్తిపొడవలేదు, నవ్వలేదు. తను అయితే ఊరుకునేవాణ్ణి కాదని లింగమూర్తే ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి ఇంటికి వచ్చి, కారు వాకిట్లో ఆపి, లోపలికి పోకుండా వెనక సీట్లోకి మారి కూర్చున్నాడు.

ఎంతకీ మనిషి లోపలికి రాకపోయేసరికి నాగరత్న బయటికి వచ్చి చూసింది. మొగుడు వెనక సీట్లో ఒక్కడే కూర్చుని ముందు సీటు వంక చూస్తున్నాడు. గుండెల్లో ఏమైనా నొప్పి వచ్చిందేమోనని ఆమె పరుగెత్తుకొచ్చింది. అతను పక్కకు జరిగాడు. ఆమె కాసేపు నిలబడి, తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. కారు కొని పన్నెండేళ్లయింది. అందులో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఆ పొద్దు కొండ మీద నీకేం కనపడింది?" అని అడిగాడు.

టైర్ల గురించి మళ్లీ పాఠం మొదలవుతుందని ఆమె ఎదురుచూసిందట. అది రాకపోయేసరికి, చెప్పింది.

"మీ మెడ కనపడింది. నరాలు బిగుసుకోని కర్ర మాదిరి అయిపోయింది. మీరు భయపడినారని నాకు తెలిసిపోయింది. ఇంటికొచ్చినాక ఏం కాలేదు, ఇదంతా మామూలే అన్నారు." ఆమె చీర కొంగు సర్దుకుంది. "మీరు భయపడితే నాకేం కాదు. నాతో లేదని చెప్తే మాత్రం, ఇంక ఏం చూసుకోని కూచోవాల నేను? పిల్లను ఏం చూసుకోని కూచోబెట్టాల?"

లింగమూర్తి దగ్గర మూడు వారాల నోటుబుక్కు ఉంది, అందులో ఈ మాటకు సరిపోయేది ఒక్కటీ లేదు.

"భయపడినాను," అన్నాడు. "చానా భయపడినాను నాగరత్నా. నీకు తెలిస్తే మళ్లా ఎక్కవని చెప్పలేదు."

ఆమె అతని మెడ వెనక చెయ్యి వేసి, చాలాసేపు అట్లాగే ఉంచిందట. అది చెబుతూ లింగమూర్తి నా కత్తెర తీసి అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను కత్తెర లాక్కోలేదు. కాసేపటికి ఆమె దిగి, లోపలికి పోయి, పంచాంగం తెచ్చి చూసి, బుధవారం బాగుంది, పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి వచ్చేద్దాం అన్నది. ఆ తర్వాత ట్రంకు పెట్టె మూత చప్పుడు వినిపించిందట.

ఆ బుధవారం వాన ఉదయం నుంచీ వదలలేదు. మాకందరికీ లోపల ఒకటే గుబులు. గురువుగారికి చెప్పి ఇంకో రోజుకు మార్పిద్దామా అని కూడా అనుకున్నాం. ఎవరికీ ధైర్యం చాలలేదు.

మరునాడు గురువారం. లింగమూర్తి అందరికంటే ఆలస్యంగా వచ్చి, వసారా చివర కూర్చున్నాడు. ఎన్ని మలుపులు, ఏ మలుపులో ఎంత వేగం, ఎక్కడ ఏ గేరు, అంతా వినాలని మేము చెవులు సిద్ధం చేసుకుని ఉన్నాం. అతను గోడకు ఆనుకుని ఊరికే ఉన్నాడు. మా పాటలు అయిపోయాయి. టీ వచ్చింది.

కాశీమయ్యే అడిగాడు.

"పిల్ల వచ్చిందా?"

"వచ్చింది సామీ."

"వాన?"

"కొండ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా."

గురువుగారు అతని వైపే చూస్తున్నాడు. లింగమూర్తి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నాడు.

"అద్దంలో చూసినాను సామీ," అన్నాడు. "తల్లీకూతుళ్లు ఇద్దరూ వెనక నిద్రపోయినారు."

కాశీమయ్య చాప మీద కొంచెం జరిగి, తన పక్కన అతనికి చోటిచ్చాడు.