తాడు మార్చిన పోలయ్య

మీ తాతకి తాత, ఆయనకీ తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పటి మాట. ఒక రేవులో పోలిగాడని ఒకడుండేవాడు. వాడికి పడవ లేదు, వల లేదు, పిలిచి పీట వేసేవాళ్ళు లేరు. పడవ నడిపించే పెద్ద, సరంగు ఎల్లాజీ పడవలో ఊరే నీళ్ళు తోడేవాడు.

ఆ రేవువాళ్ళు ఏటా ఎండాకాలం తెరచాప ఎత్తి, మూడు రోజులు ప్రయాణం చేసి, నడిసముద్రంలో పగడాల దిబ్బకి వేటకెళ్ళేవారు. దిబ్బ మీద లంగరు రాయి ధబీమని వేసేవారు. రాయి ఇరుక్కుంటే మునిగి విడిపించేది పోలిగాడే. అందుకే అడుగున ఏముందో వాడొక్కడికే తెలుసు.

మొదటి ఏడు పైకొచ్చి అన్నాడు: "సరంగు మావా, మన రాయి పడ్డ కాడల్లా పగడం ఇరిగిపోతంది. అది పానమున్నది మావా. సేపలు గుడ్లెట్టేది అక్కడే."

"రాయి మీద రాయి పడితే నొప్పేట్రా?" అన్నాడు సరంగు. అందరూ నవ్వారు. రాయి వేశారు.

రెండో ఏడు మళ్ళీ చెప్పాడు. మళ్ళీ నవ్వారు. మళ్ళీ రాయి వేశారు.

మూడో ఏడు వలలు ఖాళీగా వచ్చాయి. ఇంటిదగ్గర పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పోలిగాడు లంగరు రాయిని వాటేసుకుని కూర్చున్నాడు.

"ఒకపాలి దిగి సూడు మావా. ఆనక నీ ఇష్టం."

సరంగులు నీళ్ళలో దిగరు. అది వాళ్ళ పెద్దరికం. అయినా ఎల్లాజీ దిగాడు. పైకొచ్చి పోలిగాడి పక్కనే కూలబడ్డాడు.

"పగడాలు తెల్లగా సచ్చి పడున్నాయిరా," అన్నాడు. "మరేటి సేద్దారి?"

పోలిగాడు దిబ్బ పక్కన ఉత్త ఇసకలో ఒక పెద్ద రాయి దింపించాడు. దానికి కొబ్బరితాడు కట్టి, తాడు పైచివర తేలే మొద్దు కట్టాడు. అప్పట్నుంచి అందరూ పడవల్ని ఆ మొద్దుకే కట్టేవారు. ఏళ్ళు గడిచాయి. పగడం మళ్ళీ పెరిగింది, చేపలు తిరిగొచ్చాయి. పోలిగాణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అలా నీళ్ళు తోడుతూనే ముసలివాడై, ఒక వానాకాలం కన్నుమూశాడు, పాపం.

మరుసటి ఎండాకాలం వెళ్ళి చూస్తే మొద్దు లేదు. ఉప్పునీటికి తాడు చీకి తెగిపోయింది. ఏటా ఎవరికీ చెప్పకుండా మునిగి తాడు మార్చేది వాడేనని అప్పుడు తెలిసింది. పండుముసలి ఎల్లాజీ పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు. లంగరు వేద్దామని ఒక్కరూ అనలేదు. కొత్త తాడు కట్టేదాకా పొద్దంతా తెడ్లతోనే పడవలు ఆపుకున్నారు.

ఇప్పటికీ ఆ రేవువాళ్ళు తొలి వేటకెళ్ళినప్పుడు, కొత్త తాడు పట్టుకుని ముందుగా మునిగేది సరంగే. పైకొచ్చి మొద్దు మీద చెయ్యి వేస్తాడు. పోలిగాడు బతికున్నన్నాళ్ళూ వాణ్ణి ఎవరూ పిలవని పిలుపు పిలుస్తాడు:

"పోలయ్య తాతా, తాడు మార్సినాం. నువ్వింక తొంగో."