ముళ్ళపంది వాకిట్లో ఎముకలు

అది వెదురు పూసిన ఏడు, వైశాఖ మాసం. అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి గట్టు కింద, కుంచప్ప అనే ముసలి ముళ్ళపంది ఉండేవాడు. ఉండేది ఒక్కడే. ఇల్లు మాత్రం పదిమందికి సరిపోయేది. పొడవైన దారి, మూడు గదులు, ఆపద వస్తే పారిపోవడానికి వెనకవైపు ఇంకో వాకిలి. అన్నీ వయసులో ఉన్నప్పుడు తన గోళ్ళతో తవ్వుకున్నవే.

ఆ ఇంట్లో అతనికి అన్నిటికంటే ఇష్టమైనవి ఎముకలు. పిల్లలూ, భయపడకండి. ముళ్ళపంది దుంపలూ గడ్డలూ రాలిన పండ్లూ తిని బతుకుతుంది. కానీ దాని పళ్ళు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి, అడవిలో దొరికిన పాత ఎముకలు తెచ్చి కొరుకుతుంది. కుంచప్ప అలా తెచ్చినవన్నీ వాకిట్లోనే పోగేశాడు. అడవిదున్న దవడ ఒకటి, దుప్పి కొమ్ము ఒకటి, ఇంకా చిన్నవీ పెద్దవీ నలభై దాకా ఉన్నాయి. సాయంత్రం పూట వాటి మధ్య కూర్చుంటే అతనికి కడుపు నిండినట్టుండేది.

ఒకరోజు పొద్దున్నే వాగు అవతలి నుంచి ఒక గువ్వ వచ్చి వాలింది.

"కుంచప్పా, మీ అక్క నల్లేరమ్మ కబురు చెప్పమంది."

"ఏమంది?"

"చూపు తగ్గిపోతోందట. 'తొలకరి లోపల రా తమ్ముడూ. నీ ముఖం ఒక్కసారి కళ్ళారా చూడాలి. తర్వాత నా దగ్గరే ఉండిపో' అంది."

తల్లి పోయాక కుంచప్పను పెంచింది ఆ అక్కే. అతని ముళ్ళు ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లో, వానకు తడవకుండా తన పొట్ట కింద దాచుకుని కూర్చునేది.

"వస్తున్నానని చెప్పు" అన్నాడు.

కానీ ఉన్నపళంగా వెళ్ళడానికి లేదు. ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు ఖాళీగా వదలకూడదు. వదిలితే పాములు చేరి ఇరుగుపొరుగు పిల్లల్ని మింగుతాయి. అందుకని ఎవరికైనా అమ్మి వెళ్ళాలి. అమ్మడమంటే డబ్బుకు కాదు. ఇల్లు తీసుకున్నవాళ్ళు, వెళ్ళేవాడికి కొత్తచోట ఒక గుంత తవ్విపెట్టాలి. అదే వెల, అది ముట్టేదాకా వెళ్ళేవాడు ఇల్లు విడిచి పోకూడదు. కుంచప్ప గోళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. తవ్వేవాళ్ళు లేనిదే అక్క దగ్గర అతనికి చోటు లేదు. తొలకరి పడితే వాగు పొంగుతుంది. ఇక దాటడం ఎవరి తరమూ కాదు. గడువు నెలరోజులు.

అమ్మే ఇంటిని ముందుగా సర్ది తీర్చే పనివాళ్ళు ఆ అడవిలో ఉన్నారు. చూడవచ్చినవాళ్ళకు ఇల్లు నచ్చేలా చేయడం వాళ్ళ పని. కుంచప్ప ముగ్గురికి కబురు పెట్టాడు.

మొదట గిజిగాడు వచ్చాడు. ఇల్లంతా పైకి చూస్తూ తిరిగాడు.

"కొమ్మ ఏదీ?" అన్నాడు.

"నేల కింద ఇంటికి కొమ్మ ఏమిటయ్యా?"

"వేలాడే ఇల్లయితే నన్ను మించినవాడు లేడు తాతా. నేల పని నాకు రాదు. రాని పని ఒప్పుకుని నీ పరువూ నా పరువూ తీయను" అని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ అలవాటు కొద్దీ గడప దగ్గర రెండు పోచలు ముడివేసి పోయాడు.

తర్వాత నీలప్ప అనే నెమలి వచ్చాడు. వాకిట్లోనే ఆగిపోయాడు.

"కుంచప్పగారూ, ఇవన్నీ మీరే ఏరారా?"

"మరి ఎవరనుకున్నావు?"

"ఏం కళాదృష్టండీ మీది. ఈ కొమ్ము వంపు చూడండి. ఈ దవడ నునుపు చూడండి. ఇలాంటివి దుమ్ములో పడేస్తారా ఎవరైనా? కడిగి, తోమి, వాకిలికి రెండు వైపులా నిలబెడతాను. పైన నా ఈకలు కడతాను. రాజుగారి కోట గుమ్మంలా ఉంటుంది."

సంతోషంతో కుంచప్ప ముళ్ళు గలగలమన్నాయి. తన జన్మలో ఆ ఎముకల్ని అంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు.

ఆఖరున గవ్వమ్మ వచ్చింది. గవ్వమ్మ ఒక కౌజుపిట్ట. మట్టిరంగు ఒళ్ళు, కురచ తోక. పక్క పొదలోనే కాపురం. ఆమె తిన్నగా లోపలికి రాలేదు. ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి, మెడ వంచి, మెల్లగా మళ్ళీ నడిచి వచ్చింది. సగం దూరంలో ఆగిపోయింది.

"ఏం చేస్తున్నావు?" అని అడిగాడు కుంచప్ప.

"ఇల్లు చూడవచ్చేవాళ్ళలా వస్తున్నానన్నా. ఈ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కుంటున్నది కుందేళ్ళు. వాకిట్లో ఎముకలు చూస్తే కుందేలు ఏమనుకుంటుంది?"

"ఎంత అందంగా ఉన్నాయో అనుకుంటుంది."

"మా మేనమామవి కాబోలు అనుకుంటుంది."

"నేను మాంసం ముట్టనని అడవంతా తెలుసు."

"చెబితే తెలుస్తుంది. చెప్పేదాకా నిలబడాలి కదా వాళ్ళు. లోపల ఇల్లు బంగారమన్నా. వాకిలి ఒక్కటే అడ్డం. ఆ ఎముకలు తీసేద్దాం."

"ఏవీ?"

"అన్నీ."

కుంచప్పకు చర్రున కోపం వచ్చింది. "నా గడపలో నిలబడి నాకే వంకలు పెడతావా? నెమలి ఏమన్నాడో తెలుసా?"

"తెలియదు. నీకు నచ్చేదే అని ఉంటాడు. ఇల్లు కొనేది నువ్వే అయితే అతన్నే పెట్టుకో అన్నా" అని గవ్వమ్మ నెమ్మదిగా పొదలోకి వెళ్ళిపోయింది.

కుంచప్ప నెమలినే పెట్టుకున్నాడు. గంపెడు వెదురు బియ్యానికి మాట కుదిరింది.

నీలప్ప తొందరపడే రకం కాదు. ఎముకల్ని వాగుకు మోయించాడు. ఇసుకతో తోమించాడు. ఎండబెట్టించాడు. మోసిందీ తోమిందీ కుంచప్పే. నీలప్ప మెడ ఎత్తి, "అది కాస్త కుడికి, అది కాస్త ఎడమకి" అంటూ నిలబడ్డాడు. పన్నెండు రోజులకు వాకిలి తయారైంది. తెల్లగా మెరిసే ఎముకలు రెండు వరుసలు, పైన నీలం ఈకలు. కుంచప్పకు కళ్ళు చెమర్చాయి.

మొదట కుందేళ్ళు వచ్చాయి. చెవులయ్య, అతని భార్య దూదమ్మ, ఏడుగురు పిల్లలు. పొద దాటి తొంగిచూశారు. అంతే, తొమ్మిది తోకలు మాత్రం కనిపించాయి, అవీ దూరమవుతూ.

"రసికత లేనివాళ్ళు" అన్నాడు నీలప్ప. "మెరుపు చాల్లేదు. ఇంకో మూడు రోజులు తోముదాం."

తర్వాత ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులున్న ఒక అలుగు వచ్చాడు. వాకిలి చూసి అక్కడే ఉండచుట్టుకుని పడిపోయాడు. కుంచప్ప పక్కన కూర్చుని, "నాయనా, నేను దుంపలు తినేవాణ్ణి" అని సాయంత్రందాకా బతిమాలాడు. చీకటి పడబోతుంటే ఆ ఉండ గట్టు కిందికి తనంతట తనే దొర్లిపోయింది.

ఇంకో మూడు రోజులు గడిచాక వచ్చినవాడు మాత్రం పారిపోలేదు. నేరుగా వాకిట్లోకి వచ్చి, దవడ ఎముకను వాసన చూసి, లొట్టలు వేశాడు. వాడు దుమ్ములగొండి.

"భలే ఇల్లు పెద్దాయనా. ఇంతమందిని ఒక్కడివే తిన్నావా?"

"నేనెవర్నీ తినలేదు."

"సిగ్గుపడకు. మనలో మనకేం. నాకీ ఇల్లు నచ్చింది. నీకు గుంత ఎక్కడ కావాలో చెప్పు, రెండు రోజుల్లో తవ్విపెడతాను. నా పంజాలు చూడు."

కుంచప్ప చూశాడు. పారల్లాంటి పంజాలు. రెండు రోజులంటే ఎల్లుండికల్లా అక్క ముందు నిలబడవచ్చు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. వాగులో ఇసుకే తప్ప నీళ్ళు లేవు.

అప్పుడే పక్క పొదలోంచి గవ్వమ్మ పిల్లలు బయటికి వచ్చాయి. బొటనవేలంతేసి ఆరు పిల్లలు. ఒకదాని వెనక ఒకటి నడుస్తూ చీమల్ని ఏరుకుంటున్నాయి. దుమ్ములగొండి మెడ అటు తిరిగింది.

"ఇరుగుపొరుగు కూడా బాగున్నట్టుందే" అన్నాడు వాడు.

కుంచప్ప లేచి, వాడికీ పిల్లలకూ మధ్యన వెళ్ళి నిలబడ్డాడు. ముళ్ళన్నీ విప్పాడు.

"ఇల్లు నీకివ్వను" అన్నాడు.

"ఎందుకు?"

"నా ఇష్టం."

దుమ్ములగొండి ఆ ముళ్ళవైపు చూశాడు. ముసలివే అయినా మూరెడు పొడవున్నాయి. నవ్వి, గట్టు ఎక్కి వెళ్ళిపోయాడు.

"నా పని మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. ఆయన్ని పంపేశారు" అని నీలప్ప నొచ్చుకున్నాడు. తన గంప వెదురు బియ్యం తీసుకుని వెళ్ళాడు.

కుంచప్ప పొద దగ్గరికి వెళ్ళాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే.

"గవ్వమ్మా, ఆ ఎముకలు ఎక్కడ పారేయాలి?" అన్నాడు.

గవ్వమ్మ బయటికి వచ్చింది. ఆమె అంతా చూసింది. "పారేయడం ఎందుకన్నా? ముందు ఇలా రా. ఇక్కడ నిలబడు. ఇంకా వంగు. కుందేలంత కురచగా. ఇప్పుడు చూడు."

కుంచప్ప వంగి చూశాడు. తన వాకిలి నోరు తెరుచుకుని ఉంది. రెండు వరుసల తెల్లని కోరలు. లోపల గొంతులా చీకటి. తన ఇల్లే అయినా అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇలాగేనా కనబడుతోంది?"

"మొదట్నుంచీ."

ఇద్దరూ కలిసి ఎముకలన్నీ గట్టు వెనక ఎండిన గుంటలోకి చేర్చారు. ఒక్కొక్కటి తీస్తుంటే కుంచప్ప ఏదో ఒకటి చెప్పేవాడు, ఇది ఫలానా కొండ దగ్గర దొరికింది, ఇది ఫలానా కరువులో దొరికింది అని. గవ్వమ్మ ప్రతిదానికీ ఆగి విన్నది. దుప్పి కొమ్ము దగ్గర అతనే ఆగిపోయాడు.

"ఇదొక్కటి మాత్రం పోయిన మా ఆవిడ తెచ్చింది. కాపురానికి వచ్చిన ఏడు."

"అది గుంటలో పెట్టకు. నీతో తీసుకెళ్ళు. చూడవచ్చినవాళ్ళకు అదొక కొమ్ము. నీకు మాత్రం అదే ఆమె."

గవ్వమ్మ రెక్కలతో వాకిలి ఊడ్చింది. నడిమి గదిలో ఎండుగడ్డి పరిచింది. వెనక వాకిలికి అల్లుకున్న చెట్ల వేళ్ళు తెంపించింది. ఇప్పుడు ముందు నిలబడితే, దారి చివర వెలుతురు కనబడుతోంది.

"కుందేలు లోపలికి రావాలంటే, బయటికి పోయే దారి ముందు కనబడాలన్నా" అంది.

మూడు రోజుల్లో పని ముగిసింది. కుందేళ్ళను ఒప్పించి తీసుకురావడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. ఒకసారి హడలిపోయినవాళ్ళు కదా. చివరికి దూదమ్మ గడప దాకా వచ్చి, దారి చివర వెలుతురు చూసింది.

"ఆ ఎముకలు ఏమయ్యాయి తాతా?"

"నా పళ్ళు అరగదీసుకునేవి అమ్మా. తీసేశాను."

"వెనక వాకిలి ఎప్పుడూ తెరిచే ఉంటుందా?"

"ఇకమీదట అది నీ ఇష్టం."

దూదమ్మ లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. కుంచప్ప కంగారుపడి తొంగిచూశాడు. ఏడుగురు పిల్లలూ ఎండుగడ్డిలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. దూదమ్మ వాళ్ళ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"వీళ్ళు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అంది.

చెవులయ్య, అతని తమ్ముళ్ళు ఆ సాయంత్రమే వాగు దాటారు. మూడు రోజులు ఆపకుండా తవ్వి తిరిగొచ్చారు. వాళ్ళు ఇవతలి ఒడ్డు ఎక్కిన మధ్యాహ్నమే తొలకరి దిగింది. కుంచప్ప కొమ్ము నోట కరుచుకుని ఒడ్డుకు చేరేసరికి వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది.

అతను తిరిగి ఇంటికి వెళ్ళలేదు. అమ్మిన ఇల్లు కదా. ఒడ్డునే ఒక బండ కింద కూర్చున్నాడు. దూదమ్మ రోజూ దుంపలు తెచ్చిపెట్టేది. గవ్వమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి మాట్లాడించేది. "రేపు తగ్గుతుందిలే అన్నా" అనేది. కుంచప్ప తల ఊపేవాడు. కళ్ళు మాత్రం అవతలి ఒడ్డు మీదే ఉండేవి.

ఇరవై రెండో రోజు వాన తెరిపి ఇచ్చింది. నీళ్ళు మోకాళ్ళ లోతుకు దిగాయి. కుంచప్ప దాటాడు.

అక్క ఎదురొచ్చింది. ముసలిదైపోయింది, చిన్నదైపోయింది. అతను నిలబడిన చోటు వదిలేసి, పక్కనున్న మోదుగ చెట్టు వైపు ముఖం పెట్టి, "వచ్చావా తమ్ముడూ" అంది.

కుంచప్ప కొమ్ము కింద పెట్టి దగ్గరికి నడిచాడు. ఆమె ముందుకాలితో అతని ముఖం తడిమింది. ముక్కు, చెవులు, నెరిసిన మీసాలు, అన్నీ ఒక్కొక్కటే.

"చిక్కిపోయావురా."

"లేదక్కా. బాగానే తింటున్నాను."

"అబద్ధం. లోపలికి రా. కుందేళ్ళు గుంత బాగా తవ్వారు."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆమె పోయేదాకా కలిసే ఉన్నారు.

నెమలి పనికి పద్దెనిమిది రోజులు పోయాయి. కుంచప్ప వచ్చేనాటికి నల్లేరమ్మ చూపు పూర్తిగా పోయి ఆరు రోజులైంది. తమ్ముడి ముఖం ఆమె చూడనే లేదు.

నీతి: పనివాణ్ణి ఎంచుకునేటప్పుడు మన ఇష్టాన్ని మెచ్చుకునేవాణ్ణి కాదు, వచ్చేవాళ్ళ కళ్ళతో చూసి ఉన్నమాట చెప్పేవాణ్ణి ఎంచుకోవాలి.