తొమ్మిది వేళ్ల కుస్తీ

అలివేరు రాజు తిమ్మభూపాలుడికి కుస్తీలంటే పిచ్చి. గోదాలో కుస్తీ లేని రోజున కొలువులో కుస్తీ కబుర్లైనా ఉండాలి. ఎవరు ఎవర్ని ఏ పట్టుతో పడేశారు, ఏది గొప్ప కుస్తీ, ఏది ఉత్త నాటకం అంటూ మంత్రులూ సేనానులూ గొంతులు చించుకునేవారు.

ఒకరోజు రాజుకి కొత్త సరదా పుట్టింది.

"మన అలివేరులో జరిగిన కుస్తీలన్నిటిలోకీ గొప్పది ఏదో ఇవాళ తేలిపోవాలి. ఆ కుస్తీ పట్టిన వస్తాదులిద్దరికీ చెరొక మాగాణి మడి ఇస్తాను. చూసినవాళ్లు పదికి ఎన్ని ఇస్తారో వేళ్లెత్తి చెప్పండి!"

ముసలి దివాను పేరిశాస్త్రి లేచాడు.

"పాతికేళ్ల కిందట గురవప్ప, మదారు సాహెబు పట్టిన కుస్తీ ప్రభూ! పొద్దున మొదలెడితే పొద్దు వాలేదాకా సాగింది. గురవప్ప మోకాలు తొలిగింది. అయినా ఎవరి వీపూ నేలకి తగల్లేదు. చివరికి ఒకరినొకరు పట్టుకునే గోదా బయటికి వచ్చారు." అంటూ పది వేళ్లూ ఎత్తాడు.

ఆ ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. గురవప్ప కర్ర మీద ఆనుకున్నాడు. మదారు ఆయన భుజం పట్టుకున్నాడు.

ఇంతలో రాజుగారి బావమరిది గుండమరాజు పకపకా నవ్వాడు. అలివేరులో ఆయన చూడని కుస్తీ లేదట. చూశానని ఆయనే చెప్పేవాడు.

"దివానుగారు ఎక్కడో దూరంగా కూర్చున్నారు బావగారూ! నేను మా నాన్నతో వచ్చి గోదా అంచునే కూర్చున్నాను. అదేం కుస్తీ? ఇద్దరూ వాటేసుకుని కునుకు తీశారు. పదికి రెండు. అదే కిందటేడు నా వస్తాదు బసవడు పొరుగూరివాణ్ణి కన్ను మూసి తెరిచేలోపు పడేశాడు. పదికి పది!"

రాజు ఆ పాత కుస్తీ చూడలేదు. అప్పుడాయన గురువుగారింట చదువుకుంటున్నాడు. బావమరిది అంత గట్టిగా చెబుతుంటే కాదనలేకపోయాడు. గురవప్ప తల దించుకుని, "పోదాం పద సాహెబూ" అన్నాడు మెల్లగా.

రాజు పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడ్డ నాంచారి ఆ మాట విన్నది. పాత రాజుగారి కాలం నుంచీ కొలువులో ఆకులు చుట్టి ఇచ్చేది ఆమే. ఆనాటి కుస్తీ ఆమె కళ్లారా చూసింది. కానీ ఆకులు చుట్టే మనిషిని అడిగేదెవరు?

"ఏలినవారు మన్నించాలి. గుండమరాజు దొరగారిని ఒక్కటి అడగొచ్చా?" అన్నది.

"అడుగు నాంచారీ" అన్నాడు రాజు.

"దొరా, మా పేటలో జరిగిన పోటీకి మీరెన్ని వేళ్లిస్తారు? నల్లకొండడికీ ఎర్రగుట్టడికీ జరిగిందే, అది! తల వంచి, కాలితో మట్టి గీరి, నుదురూ నుదురూ తాకించుకుంటే వీధంతా దద్దరిల్లింది."

గుండమరాజు క్షణం కూడా తడుముకోలేదు.

"ఓహో, అదా! మరిచిపోతానా? నల్లకొండడు వేసిన కత్తెర పట్టు నేనింకెక్కడా చూడలేదు. తొమ్మిది వేళ్లు!"

"నేనూ చూశాను. ఎనిమిది!" అన్నాడు సేనాపతి.

"ఎనిమిదేమిటి, ఎర్రగుట్టడు మీసం మెలేసిన తీరుకే తొమ్మిదివ్వాలి!" అన్నాడు కోశాధికారి.

కొలువంతా ఊగిపోయింది. ఆ ఊపులో రాజు కూడా, "అవునవును, నేనూ చూశాను" అంటూ తొమ్మిది వేళ్లెత్తాడు.

"ఇంతకీ గెలిచిందెవరు దొరా?" అని అడిగింది నాంచారి.

"నల్లకొండడే! గెలిచి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. చేతులు జోడించి, 'అంతా మీ దయ దొరా' అన్నాడు."

నాంచారి బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో, మీతో అంత మాటన్నాడా? మూడేళ్ల నుంచి నా చేత్తో మేత వేస్తున్నాను, నాతో 'మే' తప్ప ఇంకో మాటనలేదే, నా పొట్టేలు!"

ముందు ద్వారపాలకుడు నవ్వాడు. ఆపైన ఎవరూ ఆగలేదు. దివాను కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

రాజు మాత్రం బావమరిదికేసి చూశాడు.

"నిజం చెప్పు. గురవప్ప కుస్తీ నువ్వు చూశావా?"

గుండమరాజు నీళ్లు నమిలాడు. "మా నాన్న ఒక్కడే వచ్చాడు బావగారూ. నన్ను తీసుకురాలేదు."

"అయితే నీ రెండు వేళ్లూ చెల్లవు. చూసినవాడు దివాను. మాగాణి గురవప్పకీ మదారు సాహెబుకీ!"

గురవప్ప కర్ర వదిలేసి మదారుని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"ఇదిగో, ఆ రోజూ ఇలాగే పట్టుకున్నాడు ప్రభూ, వదల్లేదు!" అన్నాడు మదారు.

అప్పుడు రాజు నాంచారి వైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"నేనూ తొమ్మిది వేళ్లెత్తాను కదా. మరి నేనూ అబద్ధమాడినట్టేనా?"

నాంచారి తొణకలేదు. ఒక ఆకు తీసి సున్నం రాస్తూ చెప్పింది.

"తమరు నిజంగానే చూశారు ప్రభూ! మొన్న పొద్దున గుర్రం మీద మా పేటలోంచి వెళ్తూ మా గోడ దగ్గర ఆగి, ఢీకొంటున్న ఆ రెండు పొట్టేళ్లనీ చూసి నవ్వారు. ఇంతమందిలో కళ్లతో చూసి వేళ్లెత్తింది తమరొక్కరే!"

రాజు గుర్తు చేసుకున్నాడు. ఆగిన మాట నిజమే, నవ్విన మాటా నిజమే. సింహాసనం చెయ్యి చరిచి, కడుపు పట్టుకుని నవ్వాడు. తన ముంజేతి బంగారు కడియం తీసి నాంచారి తమలపాకుల పెట్టెలో వేసి, "ఆ వస్తాదులిద్దరికీ మా ఖజానా నుంచి చెరొక బస్తా ఉలవలు!" అన్నాడు.