ఆర్ద్రాదేవి దోసపాదు

పూర్వం త్రేతాయుగంలో, శ్యామవేణీ నదికి ఉత్తరతీరాన, విశ్వభోజుడనే మహారాజు ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండేవాడు. సత్యసంధుడు, దేవబ్రాహ్మణ భక్తుడు అయిన ఆ రాజు ఏలుబడిలో ఒకానొక సంవత్సరం విషజ్వరం పుట్టి, పల్లెలను పట్టి పీడించి, రాజధాని కోటగోడల దాకా వచ్చింది. రాజవైద్యుల ఔషధాలు పనిచేయక, ఏ వీధిలో విన్నా ఏడుపులే వినబడుతుండగా, విశ్వభోజుడు స్నానం చేసి, తడిబట్టలతో తూర్పుముఖంగా నిలబడి, దేవవైద్యులైన అశ్వినీదేవతలను ధ్యానించి, "దివ్యకుమారులారా! నా ప్రజలను బ్రతికించండి. సంవత్సరం తిరిగేలోగా వేయి కలశాల తేనెతో మీకు అభిషేకం జరిపిస్తాను" అని మొక్కుకున్నాడు. మూడవనాటికి జ్వరం తగ్గుముఖం పట్టింది. పక్షం తిరిగేసరికి రాజ్యంలో జ్వరపీడితుడన్నవాడు లేకపోయాడు.

అంతట రాజాజ్ఞను శిరసావహించి, తేనె తీసేవారు గుంపులుగా బయలుదేరి, అడవుల్లోనూ కొండచరియల్లోనూ ఉన్న తేనెపట్లకు పొగబెట్టి, ఈగలను తరిమి, కొన్నిచోట్ల పట్లను సమూలంగా కాల్చి, కలశాలు నింపసాగారు. వేయి కలశాలంటే ఎన్ని పట్లో, ఎన్ని లక్షల ప్రాణాలో రాజుకు గాని మంత్రులకు గాని అప్పుడు స్ఫురించలేదు.

ఆ రాజ్యపు సరిహద్దులో, నదీతీరంలోని రాతిగుట్ట మీద శీర్ణపర్ణుడనే మహర్షి ఆశ్రమం ఉన్నది. రాలిన ఆకులే ఆహారంగా తపస్సు చేయడం వల్ల ఆ మహానుభావునికి ఆ పేరు వచ్చింది. ఆయన ధర్మపత్ని ఆర్ద్రాదేవి. పదకొండు సంవత్సరాలకు పూర్వం ఆ ముని పన్నెండేళ్ల మహావ్రతానికి హిమవంతానికి బయలుదేరుతూ, భార్యను పిలిచి ఇలా చెప్పాడు.

"కల్యాణీ! వ్రతం ముగించుకొని నేను ఈ గడప తొక్కిననాడు, నీవు నాటగా మన పెరట్లో ఎదిగిన ఆకు, పూచిన పువ్వు, కాచిన కాయ, ఈ మూడే నాకు పారణ. ఆకు పితృదేవతలకు, పువ్వు పరమేశ్వరునికి, కాయ నా దేహానికి. అందులో ఏ ఒక్కటి లోపించినా మరొక ఆహారం ముట్టను. నా ప్రాణాన్ని నీ పెరటికి అప్పగించి వెళుతున్నాను."

"స్వామీ, ఈ రాతినేలలో గరిక కూడా మొలవదు కదా!" అన్నది ఆర్ద్ర కంగారుగా.

"పన్నెండేళ్లు ఉన్నాయి కదా" అని చిరునవ్వు నవ్వి, కమండలం అందుకొని, ఆ తపోధనుడు వెళ్లిపోయాడు.

నాటి నుండి ఆ సాధ్వి నది నుండి ఒండ్రుమట్టిని తట్టలతో మోసుకొచ్చి, రాళ్ల సందులు పూడ్చి, ఎండుటాకులూ గోమయమూ కలిపి కుళ్లబెట్టి ఎరువు చేసి, గిన్నెలు కడిగిన నీళ్లు సైతం వృథా పోనీయక, రాతిని నేలగా మార్చింది. మూడవ ఏట తోటకూర మొలిచింది. ఆరవ ఏట మల్లెపొద పూచింది. ఎనిమిదవ ఏటికి దోసపాదు అల్లుకొని, బుట్టలకొద్దీ కాయగా, ఇరుగుపొరుగు ఆశ్రమాలకు పంచిపెట్టింది. ఇంక భయం లేదనుకున్నది.

పన్నెండవ ఏట పాదు ఎన్నడూ లేనంతగా పూచింది. పెరడంతా పసుపు ఆరబోసినట్లు పూలు. కాని పువ్వు వెనుక వేలెడైనా లేని పిందె రెండు రోజులు పచ్చగా ఉండి, మూడవనాడు పాలిపోయి, నాలుగవనాడు చేయి తగిలితే చాలు ఊడిపోయేది. ఆర్ద్ర మొదట నీరు చాలలేదనుకొని నీరు పోసింది. ఎక్కువైందేమోనని మానింది. బూడిద చల్లింది, పేడనీళ్లు పోసింది, తానే ఏదో అపచారం చేశానని ఉపవాసాలు చేసింది. పిందెలు రాలుతూనే ఉన్నాయి. చివరికి పక్క ఆశ్రమంలో ఉండే సుమేధ అనే వృద్ధతాపసి వద్దకు వెళ్లింది.

"అక్కా, నీ సొరపాదు ఏమైనా కాచిందా?"

"ఎక్కడమ్మా! పందిరి నిండా పువ్వులే. పిందె బొటనవేలంత కాగానే కుళ్లి రాలిపోతోంది. ఏటి అవతలి పల్లెల్లోనూ ఇదే గోలట. నాకైతే ఆకుకూరతో గడుస్తుంది తల్లీ. నీ సంగతి తలుచుకుంటేనే నా గుండె నీరైపోతోంది" అన్నది సుమేధ.

ఇట్లుండగా, హిమవంతం నుండి దక్షిణాదికి యాత్రగా పోతున్న ఒక సన్న్యాసి ఆశ్రమానికి వచ్చి, "అమ్మా, మహర్షి వ్రతం పూర్తయింది. శ్రావణ శుద్ధ ద్వాదశి నాటికి ఇల్లు చేరుకుంటానని నీతో చెప్పమన్నారు" అన్నాడు.

అది ఇరవై ఐదు రోజుల దూరంలో ఉన్నది. "ఆయన ఆరోగ్యం ఎలా ఉంది స్వామీ?" అని ఆమె అడిగింది.

"నడుస్తున్నారమ్మా" అన్నాడు సన్న్యాసి. "నాలుగడుగులకు ఒకసారి కూర్చుంటున్నారు. దారిలో ఒక గొల్లయువతి పాలు ఇవ్వబోతే, 'నా భోజనం నా ఇంట్లో కాసి ఉంది తల్లీ' అని పుచ్చుకోలేదు."

ఆ మాట ఆర్ద్రాదేవి గుండెలో ములుకువలె దిగింది. పిందె నిలిచిన నాటి నుండి పక్షం రోజులకు గాని దోసకాయ వంటకు రాదు. అంటే, ఉన్నవి పది రోజులే. ఆ పది రోజుల్లో ఒక్క పిందె నిలవకపోతే, పన్నెండేళ్లు ఆకులతో నిలబెట్టుకున్న ప్రాణం తన గడప మీదనే పోతుంది.

మరునాటి నుండి ఆమె సూర్యోదయానికే పాదు పక్కన కూర్చొని, పువ్వు విచ్చుకోవడం మొదలు వాడడం దాకా కన్నార్పక చూడసాగింది. ఒకటి, రెండు, మూడు రోజులు గడిచాయి. ఏమీ తెలియలేదు. ఆరవనాటి ఉదయం ఒక సన్నని ఝంకారం చెవినబడి ఉలిక్కిపడి తలెత్తింది. ఒకే ఒక తేనెటీగ. ఆ శబ్దం విన్నాకగాని, ఎన్ని నెలలుగా తన పెరడు మూగగా ఉన్నదో ఆమెకు తెలిసిరాలేదు. ఈగ పిందె లేని పువ్వులో దూరి, కాళ్లకు పుప్పొడి పూసుకొని, అక్కడి నుండి పిందె ఉన్న పువ్వులోకి వెళ్లింది. అట్లా మూడు పువ్వులు తిరిగింది. ఆర్ద్ర ఆ మూడింటికి నారపోగులు కట్టి గుర్తుపెట్టుకున్నది. నాలుగు రోజుల తరువాత, చుట్టూ ఉన్న పిందెలన్నీ పండుబారి రాలిపోగా, నారపోగు కట్టినవి మూడూ పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

పాదు పక్కన, రాతి పగులులో ఏనాటి నుండో నిలిచి ఉన్న నేరేడు చెట్టు తొర్రలో ఆ ఈగ ఇల్లు కనబడింది. దోసెడు ఈగలైనా లేవు. ఆమె చిప్పలో నీళ్లు పోసి, ఈగలు వాలడానికి గులకరాళ్లు వేసి, తొర్ర కింద ఉంచింది.

మూడు పిందెల్లో ఒకదాన్ని పురుగు తొలిచింది. ఒకటి గాలివానకు తెగిపడింది. మూడవది నిలిచింది. దానికింద ఎండుగడ్డి పరిచి, పైన ఆకులు కప్పి, అది ఎదుగుతున్నదో లేదో చూడాలని మనసు పీకుతున్నా, చూస్తే ఏమవుతుందోనని జంకుతూ, ఆర్ద్ర ఒక్కొక్క రోజే వెళ్లదీసింది.

ద్వాదశికి ఇక మూడు రోజులున్నాయనగా, మధ్యాహ్న సమయాన, కాగడాలు పట్టిన భటులతో, తేనె తీసేవారితో విశ్వభోజ మహారాజు స్వయంగా ఆశ్రమానికి వచ్చాడు. ఆయన కళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

"అమ్మా, నమస్కారం. తొమ్మిదివందల తొంభైతొమ్మిది కలశాలు నిండాయి. మొక్కు గడువు ఈనాటి సూర్యాస్తమయంతో తీరిపోతుంది. రాజ్యమంతా గాలించినా మరొక పట్టు లేదు. మీ నేరేడు తొర్రలో ఈగలు తిరుగుతుండగా మావాళ్లు చూశారు. అనుమతించండి."

ఆర్ద్ర చెట్టుకు అడ్డంగా నిలబడింది. "మహారాజా, వద్దు."

"మీ కాయ జోలికి రాము తల్లీ. పొగ సోకకుండా తీగను తడిబట్టతో కప్పిస్తాను. మీ భర్తగారి పారణకు ఏ లోపమూ రాదు."

ఆ మాటకు ఆమె మనసు ఊగిసలాడింది. నిజమే, తన కాయ నిలిచింది. మూడు రోజులు గడిస్తే చాలు. రాజును కాదంటే, ఆ కలహంలో తీగకు ఏ కాలు తగులుతుందో! సరేనన్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో సుమేధ పందిరి కింద రాలిపడిన సొరపిందెలు కళ్లలో మెదిలాయి.

"రాజా, నా కాయ నిలిచింది. మరి నీ ప్రజల పెరళ్లలో ఏ కాయ నిలిచింది? ఇటు చూడు. ఈగ ముట్టిన పువ్వు ఇది, ముట్టనివి అవి" అంటూ నేలమీది పండుపిందెలను దోసిట ఎత్తి చూపింది. "ఇవే ఆఖరు ఈగలు. ఇవీ పోతే వచ్చే ఏడు నీ రాజ్యంలో పూలుంటాయి, కాయలుండవు."

"మొక్కు తప్పితే జ్వరం తిరిగి వస్తుందమ్మా!" అన్నాడు రాజు. "ఒకే ఇంట్లో నలుగురిని పాడెకెత్తడం నేను చూశాను. మీరు చూడలేదు."

అప్పుడు తేనె తీసేవారి పెద్ద, దండకుడనే ముసలివాడు, కాగడా దించి ముందుకు వచ్చాడు. "ఏలినవారు మన్నించాలి. మా పెరట్లోనూ ఈ ఏడు బీరపాదుకు ఒక్క కాయ నిలవలేదు. దిష్టి తగిలిందని మా ఆడది పాత కుండకు సున్నంబొట్లు పెట్టి కట్టింది. ఆ దిష్టి నా చేతి కాగడాదేనని ఇప్పుడు తెలుస్తున్నది దొరా."

విశ్వభోజుడు ఆమె దోసిటిలోని పిందెల వంక చూశాడు. "ప్రజల ప్రాణం నిలిపినందుకు, ప్రజల అన్నాన్నే పిండి దేవతలకు పోశానన్నమాట!" అని నిట్టూర్చి, కాగడాలన్నీ నీటిలో ముంచమని ఆజ్ఞాపించాడు. తరువాత పడమటికి వాలుతున్న సూర్యునికి చేతులు జోడించి, "దేవతలారా! వేయవ కలశం ఈ తొర్రలో ఉన్నది. తీయలేను. మొక్కు తప్పిన పాపం నాది. జ్వరం పంపదలిస్తే నా ఒక్కడి దేహానికే పంపండి" అని నేరేడు మొదట చతికిలబడ్డాడు.

ఎండ చెట్ల కొనలకెక్కింది. రాజు మాటిమాటికి తన నుదుటిని తాకి చూసుకుంటున్నాడు. ఆ నుదురు వేడెక్కుతున్నదో, అది తన భయమో ఆయనకు తెలియడం లేదు. ఆర్ద్ర పాదు పక్కనే మోకాళ్ల మీద కూర్చొని, సూర్యబింబం కొండను తాకడం చూసింది.

ఆ క్షణాన స్వర్ణరథం మీద, ఒకే రూపంతో, ఒకే తేజస్సుతో అశ్వినీదేవతలు ఇద్దరూ ప్రత్యక్షమయ్యారు. అందరూ సాష్టాంగపడగా, ఆ దేవవైద్యులు ఇట్లా పలికారు.

"రాజా, లే. నీ దేహంలో ఏ జ్వరమూ లేదు. ప్రాణం నిలిపేవారికి ప్రాణం తీసిన తేనె పథ్యం కాదు. నీవు తీసిన కలశాలను మేము స్వీకరించలేదు. తీయక విడిచిన ఈ ఒక్కటే మాకు చేరింది. నీ మొక్కు తీరింది. మిగిలిన తేనెను తెచ్చిన చోటనే, ఆ చెట్ల మొదళ్లలో, ఆ కొండచరియల్లో తిరిగి పోయించు. ఒక్కొక్క కలశం నుండి ఒక్కొక్క తేనెటీగల దండు పుడుతుంది. ఇకముందు తేనె తీసేవాడు సగం పట్టు ఈగలకు విడవాలి."

పిమ్మట ఆర్ద్రవైపు తిరిగి, "సాధ్వీ, నీకేం కావాలో కోరుకో" అన్నారు.

"ఆయన గడప దాకా చేరేటట్లు ఒక్క మందుచుక్క ఇవ్వండి స్వామీ."

"వైద్యులం గనుక నిజం చెబుతున్నాము. ఇంటి దగ్గర కాయ కాసి ఉన్నదన్న నమ్మకమే ఆయనను నడిపిస్తున్నది. అంతకు మించిన మందు మా దగ్గర లేదు. మేమిచ్చే వరం వేరు. ఏ ఇంటి పెరట్లో ఈగకు నీడా నీరూ దొరుకుతాయో, ఆ పెరట్లో పిందె నిలుస్తుంది." అని పలికి అంతర్ధానమయ్యారు.

కలశాలు తిరిగి అడవులకు చేరాయి. ద్వాదశి వచ్చింది. ఉదయం గడిచింది, మధ్యాహ్నం గడిచింది, మునిజాడ లేదు. తిథి దాటిపోతే పారణ చెల్లదు. ఆర్ద్ర కాయ కోయడానికి వెళ్లి, కోయక తిరిగి వచ్చి, మళ్లీ వాకిట నిలబడింది. సూర్యుడు పడమటికి వాలుతుండగా దారి మలుపులో ఒక దండం కనబడింది. దాని వెనుక, అస్థిపంజరం వంటి దేహంతో శీర్ణపర్ణుడు. ఆమె పరుగెత్తి భుజం అందించి గడప దాటించింది.

తోటకూర పితృదేవతలకు, మల్లెలు పరమేశ్వరునికి సమర్పించి, లేత దోసకాయ కూర ఆకులో వడ్డించింది. మహర్షి మొదటి ముద్ద నోట పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. ఆయన కంఠం కదలడం చూసేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

"ఇంకా కొంచెం వడ్డించనా?"

"పాదుకు ఎన్ని కాచాయి?"

"ఒక్కటే స్వామీ."

మహర్షి ఆకులో మిగిలినదాన్ని వేలితో రెండు పాళ్లు చేసి, ఒక పాలు ఆమె వైపు జరిపాడు. "మూడు రోజులుగా నీవూ ఏమీ తినలేదని నీ ముఖమే చెబుతున్నది. కూర్చో."

ఆ సాయంకాలం ఆ దంపతులు ఒకే ఆకులో భుజించారు. ఆ ఏటి కార్తికానికి సుమేధ పందిరికి సొరకాయలు వేలాడాయి, విశ్వభోజుని రాజ్యంలో పెరడు పెరడూ ఝంకారంతో నిండింది. ఈ వృత్తాంతాన్ని శ్రద్ధతో వినేవారి ఇంట పూత పిందెగాను, పిందె కాయగాను, ఆ కాయ ఆకలిగొని వచ్చినవారి విస్తరిలో అన్నంగాను సఫలమగుగాక.