పదకొండు నిమిషాలు

కప్పు చంకన పెట్టుకుని వచ్చిన సుధీంద్రకు ఆ పూట కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆదోని చదరంగం పోటీలో ఫస్టొచ్చాడు మరి! ఇక తనూ నలుగురికి ఆట నేర్పొచ్చు. ఉస్తాద్ సరేననాలి, అంతే. ఆయన సరేననందే శిష్యులెవరూ పాఠం చెప్పకూడదని కట్టుబాటు.

మస్తాన్‌వలి ఉస్తాద్ గడియారాలు బాగుచేసుకుని బతికే మనిషి. కప్పు వంక చూడనైనా లేదు. "చివరి ఆట రాసుకున్న కాగితం ఏదీ?" అన్నారు.

ఇచ్చాడు. ప్రతి ఎత్తు పక్కనా పట్టిన నిమిషాలు కూడా రాశాడు. తనవన్నీ సున్నాలే.

"పన్నెండు ఎత్తుల దాకా పుస్తకంలో ఉన్నట్టే టకటకా వేశాను ఉస్తాద్. అవతలి మనిషి మిల్లులో దూది బేళ్లు మోస్తాడట. ఆ ఓపెనింగు పేరు కూడా తెలీదు పాపం! ఎత్తెత్తుకీ తల పట్టుకున్నాడు. టైమైపోయి ఓడాడు."

"అతని వైపు కూర్చో."

తెల్లపావులు ఉస్తాద్ ఆడారు. ఐదో ఎత్తుకి సుధీంద్ర నల్లగుర్రం మీద చెయ్యి వేయబోతే ఆపి, కాగితం చూపించారు. ఆ ఎత్తుకి అవతలి మనిషి తీసుకున్నది పదకొండు నిమిషాలు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు.

ఇదేం పరీక్షరా దేవుడా! ఊరికే ఉండలేక సుధీంద్ర చదరంగం బల్ల వంక చూశాడు. ఎదురొచ్చిన బంటును కొడితే? ఉస్తాద్ తెల్లగుర్రాన్ని బలిచ్చి నల్లరాజును నడివీధిలోకి లాగుతారు. వదిలేస్తే ఆ బంటే గుర్రాన్ని తినేస్తుంది. వెనక్కి తీస్తే ఇంకో అడుగు ముందుకొచ్చి పీక మీద కూర్చుంటుంది. ఇక మిగిలింది గుర్రాన్ని బల్ల అంచుకు పంపడం. అలా పంపొద్దని ఆట నేర్పిన మొదటిరోజే చెబుతారు ఎవరైనా.

కానీ పుస్తకంలో ఉన్నది అదే. ఎందరో ఏళ్ల తరబడి తన్నుకులాడి తేల్చిన ఎత్తు. దాన్ని ఆ మనిషి ఒక్కడే, ఈ కుర్చీలో, పదకొండు నిమిషాల్లో కనిపెట్టాడు. సుధీంద్ర నల్లగుర్రాన్ని మెల్లగా బల్ల అంచుకు జరిపాడు.

తర్వాతి ఎత్తు తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాతిది ఏడు. ఇప్పుడు ఉస్తాద్ ఆపనక్కర్లేకపోయింది. చెయ్యి దానంతటదే ఆగింది.

పన్నెండు ఎత్తులూ అయ్యేసరికి మసీదు నుంచి సాయంత్రపు అజాన్ వినబడింది. "అబ్బ, ఎంత మనిషి అతను, ఉస్తాద్!" అన్నాడు సుధీంద్ర. కాగితం పైన అవతలి మనిషి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"పాఠం సంగతేదో అడగడానికి వచ్చినట్టున్నావు?" అన్నారు ఉస్తాద్.

సుధీంద్ర కప్పు అక్కడే వదిలేసి లేచి, చెప్పులు తొడుక్కున్నాడు.

"మిల్లు ఎన్నింటికి వదులుతారు ఉస్తాద్?"